నా బదులు మునస్వామి చేసిన ప్రమాణం

మా తమ్ముడి కూతురు సిద్ధికి ఈమధ్యే ఇరవై నాలుగేళ్ళు నిండాయి. నా అబద్ధానికి కూడా అంతే వయసు. రెండూ ఒకే వారంలో పుట్టాయి. సిద్ధి పెరిగి పెద్దదై, తిరుపతిలో వ్యవసాయ చదువు ముగించి, ఇప్పుడు రైతులకు మామిడి తెగుళ్ళ గురించి పాఠాలు చెబుతోంది. నా అబద్ధం మాత్రం నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. నాతోనే అసెంబ్లీకి వచ్చింది, నాతోనే పార్లమెంటుకు వచ్చింది, ఇప్పుడు చిత్తూరులో నాతోపాటే విశ్రాంతి తీసుకుంటోంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముందు నాకు ఉపన్యాసం వచ్చేస్తుంది. పదేళ్ళు ఎమ్మెల్యేగా, పదేళ్ళు ఎంపీగా చేసినవాణ్ణి, మైకు చేతికిస్తే రెండు గంటలు ఆగకుండా మాట్లాడగలను. కానీ ఈ ఒక్క సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళలో నాకు రెండు నిమిషాలు దొరకలేదు. దొరకలేదా? లేక దొరక్కుండా చూసుకున్నానా?

ముందే ఒక మాట చెప్పాలి. నేను దుఃఖంలో కుమిలిపోతూ ఇది రాయడం లేదు. నేను బాగున్నాను. సుఖంగా ఉన్నాను. రాజకీయాలు వదిలి ఎనిమిదేళ్ళయింది. షుగరు ఉంది, అది మా వయసువాళ్ళందరికీ ఉన్నదే. బంగారుపాళ్యం దగ్గరి తోటను తమ్ముడు చూసుకుంటాడు. ఉదయం నడక, నడక తర్వాత వీధి చివర కొట్టులో టీ, టీతోపాటు పేపరు. ఈ వయసులో మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆ నడకలో, ఆ టీలో నాకు జత మునస్వామి. ఈ ఒప్పుకోలు అతని గురించే.

మునస్వామిది, నాది ఒకే బడి, ఒకే బెంచీ. నేను రాజకీయాల్లోకి పోయాను, అతను అయిదెకరాల మామిడి తోటలోకి పోయాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో మునస్వామికి ఒక పేరుంది. మామిడి కాయల సీజనులో రైతులు ట్రాక్టర్లు పట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు, కాటా దగ్గర తూకంలో మోసం జరుగుతుందేమోనని అందరికీ భయం. అందుకని కాటా పక్కన మునస్వామిని నిలబెట్టేవాళ్ళు. అతను 'సరిగ్గా ఉండాది' అంటే ఫ్యాక్టరీవాడూ ఒప్పుకునేవాడు, రైతూ ఒప్పుకునేవాడు. దానికి ఎవరి దగ్గరా టీ కూడా తాగేవాడు కాదు. టీ తాగితే మాట మారుతుందనేవాడు. మొన్నమొన్నటిదాకా మాత్రం రోజూ నా ఖాతాలోనే తాగాడు లెండి.

నేను మొదటిసారి ఎమ్మెల్యే అయినప్పుడు గెలుపు బొటాబొటీ. ఊరికి నాలుగు ఓట్లు అటయితే ఓడిపోయేవాణ్ణి. ఆ అయిదేళ్ళ చివర్లో, మళ్ళీ ఎలక్షన్లకు ఏడాది కూడా లేనప్పుడు, తోతాపురి కాయ విరగ్గాసింది. విరగ్గాస్తే రైతుకు సంతోషమే కదా అనుకుంటారు మీరు. మా దగ్గర అలా కాదు. కాయ ఎక్కువైతే ఫ్యాక్టరీలన్నీ కూడబలుక్కుని ధర తగ్గించేస్తాయి. తోతాపురిని జనం కొనుక్కుని తినేది తక్కువ, అది గుజ్జుకు పోవాల్సిన కాయ. ఫ్యాక్టరీ తీసుకోకపోతే చెట్టుకిందే కుళ్ళిపోవాలి.

ఆ ఏడు రైతులందరినీ కూడగట్టింది నేనే. హైవే పక్కన షామియానా వేయించాను. ధర తేలేదాకా ఒక్క కాయ కూడా ఫ్యాక్టరీ గేటు దాటకూడదని మైకులో చెప్పి, అందరి చేతా చెయ్యెత్తించాను. నేనూ ఎత్తాను. చిన్న రైతులు భయపడుతుంటే, 'ముందు నా తోట కాయ కుళ్ళనీ, తర్వాత మీది' అన్నాను. చప్పట్లు కొట్టారు. మునస్వామి అందరికంటే గట్టిగా కొట్టాడు.

వారం గడిచింది. కాయ ఆగదు కదా, దానికి సమ్మె సంగతి తెలియదు. తొమ్మిదో రోజు ఉదయం తమ్ముడు ఫోన్ చేసి, చెట్టుమీదే పండిపోతోంది, ఇంకో రెండు రోజులు దాటితే ఎందుకూ పనికిరాదు అన్నాడు. అతను నన్నేమీ చేయమనలేదు. ఆ మాట స్పష్టంగా రాయాలి. ఇన్నేళ్ళూ నాలో నేను తమ్ముడి మీద కొంత, పెట్టుబడి మీద కొంత, పార్టీ ఖర్చుల మీద కొంత తోసేస్తూ వచ్చాను. ఫోన్ ఎత్తింది నేను. ఫ్యాక్టరీ మేనేజరుతో మాట్లాడింది నేను. నా కాయ నాలుగు ట్రాక్టర్లు, మధ్యాహ్నం అందరూ షామియానాలో అన్నం తినే వేళ, కానుగ చెట్ల దారిలో తిప్పి వెనక గేటు నుంచి లోపలికి పంపించాను.

ఆ సమయంలో నేనెక్కడ ఉన్నాను? షామియానాలోనే. మునస్వామి పక్కనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. ఎదురుగా రోడ్డుపక్కన అతని ట్రాక్టరు, దాన్నిండా కాయ. మెత్తబడి, తొడిమ దగ్గర నల్లబారి, ఈగలు ముసురుతున్నాయి. అతను వాటివైపు చూడకుండా నాతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను దిగులు పడతానేమోనని.

నా నాలుగు ట్రాక్టర్లు లోపలికి పోవడం వల్ల ఏమైంది? ఆ ప్రశ్న నేను చాలా ఏళ్ళు వేసుకోలేదు. జవాబు తెలుసు కనుక. నాయకుడే చాటుగా కాయ పంపుతున్నాడంటే సమ్మె ఎన్నాళ్ళు నిలుస్తుందో ఫ్యాక్టరీవాళ్ళకు అర్థమైపోయింది. వాళ్ళు ఇంకో వారం బిగించుకుని కూర్చున్నారు. చివరికి అడిగినదాంట్లో సగానికి ఒప్పందం కుదిరింది. దాన్నే నేను విజయం అని ప్రకటించాను. మునస్వామి ట్రాక్టరులో కాయ అప్పటికి దేనికీ పనికిరాదు. హైవే పక్కన గుంటలో పారబోసి, ట్రాలీ కడుక్కుని ఇంటికి పోయాడు. అతనొక్కడే కాదు, ఇంకా చాలామంది.

వెనక గేటు సంగతి ఎవరో చూశారు. ఆ మాట మెల్లగా పాకింది. ఎదుటి పార్టీ నాయకుడు దాన్ని పట్టుకుని ఊరూరా చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు బంగారుపాళ్యం సెంటర్లో నిలబడి, చేయలేదంటే శుక్రవారం కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమను అని సవాలు విసిరాడు.

మీది మా ప్రాంతం కాకపోతే దీని బరువు మీకు తెలియకపోవచ్చు. మా దగ్గర కోర్టులో అబద్ధం చెప్పినవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు చెప్పడు. స్నానం చేసి, తడిబట్టలతో, ఆ స్వామి ఎదుట నిలబడి ప్రమాణం చేస్తే తగువు అక్కడితో సరి. ఇంక ఎవరూ మారుమాట్లాడరు. గట్లు తెగ్గొట్టినవాళ్ళు, అన్నదమ్ములను ముంచినవాళ్ళు గుడి మెట్ల దాకా వచ్చి, అక్కడ నిజం చెప్పేసి వెనక్కి తిరిగిన సంగతులు చిన్నప్పటినుంచీ విన్నాను. నేను పెద్ద భక్తుణ్ణేమీ కాదు. అయినా ఆ సవాలు విన్నాక నాకు అన్నం సహించలేదు.

సవాలు విసిరింది సోమవారం. బుధవారం ఉదయం తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. పెళ్ళయిన ఏడేళ్ళకు పుట్టిన బిడ్డ. చిత్తూరు ఆస్పత్రికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన పాపను చేతుల్లోకి తీసుకుని నేను ఏడ్చేశాను. ఎమ్మెల్యేగారికి తమ్ముడి బిడ్డంటే ఎంత ప్రేమో అని నర్సులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఒప్పుకోలు మొత్తంలో నాకు రాయడానికి అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఇదే. నేను పాప కోసం ఏడవలేదు. ఇంట్లో పురుడు వచ్చింది. పురుడున్నవాడు పది రోజులు గుడిలో అడుగు పెట్టకూడదు. శుక్రవారం నేను కాణిపాకం పోనక్కర్లేదు. అందుకు ఏడ్చాను.

గురువారం ఉదయం మునస్వామి మా ఇంటికి వచ్చాడు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఆ రోజు మాట్లాడుకున్నది ఒక్క ముక్క కూడా నేను మరిచిపోలేదు.

"సూడప్పా, నీకు పురుడు. గుళ్ళోకి పోకూడదు. పదకొండు దినాలు ఆగినామంటే, భయపడి దాక్కున్నాడంటారు వాళ్ళు. నీ బదులు నేను పోతా" అన్నాడు.

కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక్క మాట అడగతా. అడిగినానని మనసులో పెట్టుకోవద్దు. నువ్వు కాయ తోలినావా?"

"లేదబ్బా."

"నీ తమ్ముడు?"

"వాడూ తోలలేదు."

"నా మొగం సూసి సెప్పు."

చూశాను. చూసి చెప్పాను. "తోలలేదు మునస్వామీ. నువ్వు కూడా నమ్మవా నన్ను?"

ఆ చివరి మాట అవసరమా నాకు? అబద్ధం ఒకటి చాలదన్నట్టు, దానిమీద ఒక నిష్ఠూరం కూడా. మునస్వామి మొహం చిన్నబోయింది. నన్ను అనుమానించినందుకు అతనే తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

"నమ్మకపోతే అడగతానా అప్పా" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు పిలవొచ్చు. గేటు దాటేదాకా పిలవొచ్చు. అతని స్కూటరు ఒక పట్టాన స్టార్టు కాదు, ఆ రోజు కూడా ఏడెనిమిదిసార్లు తన్నాడు. అంతసేపూ నాకు సమయం ఉంది. నేను పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

శుక్రవారం మునస్వామి స్నానం చేసి, తడి పంచెతో, కనీసం మూడు వందలమంది చూస్తుండగా వినాయకుడి ఎదుట నిలబడి ప్రమాణం చేశాడు. మా ఎమ్మెల్యే సమ్మెకాలంలో ఒక్క కాయ కూడా తోలలేదు, ఇది అబద్ధమైతే ఆ ఫలితం నాకూ నా బిడ్డలకూ తగలనీ అన్నాడు. నా బిడ్డలకూ అనమని ఎవరు చెప్పారతనికి? ఎవరూ చెప్పలేదు. మామూలుగా చేసే ప్రమాణం చాలకపోతుందేమోనని తనే కలిపాడు. మధ్యాహ్నానికి తల ఇంకా తడిగానే మా వరండాకు వచ్చి, "అయిపాయ అప్పా. ఇంక ఎవుడూ నోరెత్తడు" అన్నాడు.

నిజంగానే ఎవరూ నోరెత్తలేదు. కాటా మునస్వామి ప్రమాణం చేశాడంటే ఇంకేముంది? సవాలు చేసిన నాయకుడు కూడా, మునస్వామే చెప్పాక నేను నమ్ముతున్నానని బహిరంగంగా అన్నాడు. పాపకు బారసాల చేస్తే పేరు కూడా మునస్వామే పెట్టాడు. ఆ స్వామి దయ వల్ల గండం గట్టెక్కిన వారంలో పుట్టింది కనుక ఆయన పేరే, వరసిద్ధి అన్నాడు. అందరికీ నచ్చింది. ఇంట్లో సిద్ధీ అని ఎవరు పిలిచినా, నాకు మాత్రం పిలిచిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తగిలేది.

తర్వాతి ఎలక్షన్లో నా మెజారిటీ ఎవరూ ఊహించనిది. తర్వాత పార్టీ నన్ను పార్లమెంటుకు నిలబెట్టింది. మామిడి రైతుల మనిషి అని పోస్టర్లు వేశారు. గెలిచాను. మళ్ళీ గెలిచాను. నేను పనిచేయలేదని అనను. మామిడి గుజ్జు మీద పన్ను గురించి, రైతుకు గిట్టుబాటు ధర గురించి సభలో నేను మాట్లాడినప్పుడు ఎదుటి పక్షంవాళ్ళు కూడా బల్లలు చరిచారు. రేణిగుంటలో రైలు దిగితే స్టేషనంతా దండలు. చేసిన పనులున్నాయి, రోడ్లున్నాయి, నా ఉత్తరం పట్టుకుని తిరుమల కొండమీద దర్శనం చేసుకున్న వేలమంది ఉన్నారు. ఇవన్నీ నిజం. కానీ వీటన్నిటికీ పునాది ఒక తడి పంచె. ఆ సంగతి సభలో బల్లలు చరిచినవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు.

మునస్వామి ఒకసారి ఢిల్లీ వచ్చాడు. జనవరి చలిలో కోతి టోపీ పెట్టుకుని, రెండు పంచెలు ఒకదానిమీద ఒకటి కట్టుకుని, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చాడు. పైన గ్యాలరీలో కూర్చుని నేను మాట్లాడటం చూశాడు. ఆ రోజంతా మా క్వార్టర్లో డ్రైవరును ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాణిపాకం ప్రమాణం కథ తెలుగులోనే చెప్పాడు. ఆ డ్రైవరుకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చివర్లో చేతులు జోడించి కళ్ళకద్దుకున్నాడు. మునస్వామి ఆ కథ అలా చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆస్పత్రి బెంచీల మీద, ప్రతిచోటా. వేరేవాళ్ళు తమ పొలం గురించో పిల్లల గురించో గొప్పలు చెప్పుకుంటారు. మునస్వామికి ఉన్న గొప్ప ఆ ఒక్కటే. ఒక మంచి మనిషి కోసం దేవుడి ముందు నిలబడ్డానని.

అర్థమైంది కదా నా చిక్కు? నిజం చెబితే నా పేరు పోతుంది, అది పోతే పోనీ అనుకునే రోజు కూడా వచ్చింది. కానీ అతని గొప్ప పోతుంది. అంతకంటే ఘోరం, కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసినవాడిగా అతను మిగులుతాడు. తెలియక చేసినా చేసినట్టే కదా? అతని మేలు కోసమే చెప్పడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇది ఎంత వీలైన సాకో చూడండి. మొదట పసిబిడ్డ పురుడు వెనక దాక్కున్నాను, తర్వాత స్నేహితుడి మంచితనం వెనక.

ఇక భయం సంగతి. అతని బోరు ఎండిపోతే నాకు గుండెల్లో రాయి పడేది. అతని కోడలికి కాన్పు కష్టమైతే నేను పార్లమెంటు సమావేశాలు వదిలి విమానమెక్కాను. అతని కొడుకు రేణిగుంట దగ్గర బైకు మీదనుంచి పడి చెయ్యి విరిగితే, ఆస్పత్రిలో నేను పడే కంగారు చూసి మునస్వామే నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. "సెయ్యే గదప్పా ఇరిగింది, అతుక్కుంటాది" అని నన్ను ఓదార్చాడు. అతుక్కుంది. బోరులో మళ్ళీ నీళ్ళు వచ్చాయి. మనవడు బొద్దుగా పుట్టాడు. ఆ స్వామి నా కంటే న్యాయం తెలిసినవాడు కాబోలు, ఎవరి లెక్క ఎవరిమీద వేయాలో ఆయనకు తెలుసు. అయినా నేను ఆయన ముఖం చూడలేదు. కొండమీదికి ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పలేను, మా ఇంటికి కారులో అరగంట దూరంలో ఉన్న కాణిపాకం గుళ్ళోకి మాత్రం ఈ ఇరవై నాలుగేళ్ళలో అడుగు పెట్టలేదు. ఎమ్మెల్యేగా, ఎంపీగా ఉత్సవాలకు పిలిచినప్పుడల్లా నడుంనొప్పి అన్నాను, ఢిల్లీలో పని అన్నాను, దూరపు చుట్టం పోయాడు మైల అన్నాను. మా వంశంలో లేనివాళ్ళను కూడా చంపేశాను.

మునస్వామి మాత్రం ఏటా సిద్ధి పుట్టినరోజుకు కాణిపాకం వెళ్ళి టెంకాయ కొట్టి వస్తాడు. ఈ ఏడు అతనికి తిరుపతిలో మోకాలు ఆపరేషనయింది. మంచంమీదనుంచి దిగొద్దన్నారు. పుట్టినరోజు ముందురోజు నన్ను పిలిచి, ఈసారికి నా బదులు నువ్వు పోయిరా అన్నాడు. మామూలుగానే అన్నాడు. అందులో అతనికి ఏ ఉద్దేశమూ లేదు. నీ బదులు నేను పోతా అని ఒకప్పుడు అన్నవాడు, నా బదులు నువ్వు పో అంటున్నాడు. నడుంనొప్పి అని ఎలా చెప్పను?

వెళ్ళాను. ఆలయంలో నన్ను గుర్తుపట్టి ముందుకు తీసుకుపోయారు. అయ్యవారు ఎవరి పేరున అర్చన అని అడిగారు. మునస్వామి పేరు, గోత్రం చెప్పాను. అతని పేరు ఆ స్వామి ఎదుట నా నోటినుంచి వచ్చేసరికి, ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. హారతి కళ్ళకద్దుకోకుండానే టెంకాయ చిప్ప పట్టుకుని బయటికి వచ్చేశాను.

సరాసరి మునస్వామి ఇంటికే వెళ్ళాను. చిప్ప అతని చేతికివ్వలేదు, బల్లమీద పెట్టాను. కూర్చోకుండానే చెప్పాను. ఫోన్, నాలుగు ట్రాక్టర్లు, వెనక గేటు, మజ్జిగ, ఆస్పత్రిలో ఏడుపు, అన్నీ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మునస్వామి మోకాలి కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "నా కాయ కుళ్ళిపోతా ఉంటే నా పక్కనే కూసోని మజ్జిగ తాగినావే అప్పా" అన్నాడు. అబద్ధపు ప్రమాణం గురించి కాదు, బిడ్డల గురించి కాదు. మజ్జిగ గురించి. నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. అతను నన్ను ఓదార్చలేదు. అది మొదటిసారి.

"పొద్దున కారు తీసుకోని రా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి ఉదయం, ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా వినకుండా, చేతికర్ర పట్టుకుని కారెక్కాడు. నా పక్కన కూర్చోలేదు, ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. కాణిపాకం చేరాక, "నువ్వు ఈడే ఉండు" అని కొడుకు భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి పోయాడు. నేను చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళు నమస్కారాలు పెడుతుంటే తిరిగి పెడుతూ ఉన్నాను. అతను లోపల స్వామికి ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. బయటికి వచ్చేసరికి అతని తల తడిగా ఉంది.

తిరిగి వస్తుంటే దారిలో ఒకే మాట అన్నాడు. "నేను సెప్పుకున్యా. నా మాట నమ్మి నీకు ఓటేసినోళ్ళు ఉండారే, వాళ్ళకి నువ్వు సెప్పుకో." క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఏ మొహంతో అడగను?

అందుకే ఇది రాశాను. నా పేరు పెట్టలేదు. ఇదీ ఒక వెనక గేటేనని మునస్వామి అంటాడేమో. కావచ్చు. సిద్ధికి మాత్రం చదివి వినిపించాను, తన పుట్టుక వెనక నేనెలా దాక్కున్నానో తనకు తెలియాలి కదా. అంతా విని, "నేను పుట్టింది ఒక్కరికైనా అంత పనికొచ్చిందన్నమాట పెదనాయనా" అని లేచి లోపలికి పోయింది. నవ్విందో లేదో చూడలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు షుగరు మాత్రలు వేసుకున్నావా అని అడిగింది.

తేలిగ్గా ఉంది. ఆ మాట దాచడం దేనికి? శిక్ష పడినట్టు లేదు, మాఫీ అయినట్టూ లేదు. అన్నం రుచిగా ఉంది. మధ్యాహ్నం నిద్ర పడుతోంది. మునస్వామి నెమ్మదిగా నడవగలిగాక మళ్ళీ నడకకు వస్తున్నాడు, టీ కూడా తాగుతున్నాడు. కాకపోతే ఇప్పుడు టీ డబ్బులు తనవి తనే ఇస్తున్నాడు.

ఇక్కడితో ఆపేసి పేపరుకు పోస్టు చేద్దామనుకున్నాను. ఈ ఉదయం జరిగింది కూడా రాస్తాను. టీ కొట్టు దగ్గరికి పలమనేరు నుంచి వచ్చిన ఒక కుర్ర రైతు మునస్వామిని గుర్తుపట్టి, మీరు కాణిపాకంలో ప్రమాణం చేసిన కథ మా నాయన ఎప్పుడూ చెప్పేవాడు, ఒకసారి మీ నోట వినాలని ఉంది అన్నాడు. కొట్టులో ఉన్న నలుగురైదుగురు బెంచీ దగ్గరికి జరిగారు. ఆ కథ అందరూ విన్నదే, అయినా మునస్వామి చెబితే మళ్ళీ వింటారు. మునస్వామి టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, చేతికర్రతో నావైపు చూపించాడు.

"ఆ కత ఇప్పుడు ఈయన సెప్తాడు" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. నేను గ్లాసు బెంచీ మీద పెట్టాను. తోతాపురి విరగ్గాసిన ఏటినుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. చెప్పినంతసేపూ మునస్వామి రోడ్డువైపే చూస్తూ ఉన్నాడు. లేచి మాత్రం పోలేదు.